వంటల పుస్తకం సొంతంగా వేసుకునే ముందు తెలుసుకోవలసిన పుస్తకాల వ్యాపారం

మా పెద్దత్తగారు నలభై ఏళ్ళపాటు మూడు నోటుబుక్కుల్లో రాసిపెట్టుకున్న వంటలను, ఆవిడ కాలం చేశాక పుస్తకంగా తెద్దామని పూనుకున్నప్పుడు, ప్రచురణరంగం నాకు కొత్త కాదనే ధీమా ఉండేది. అప్పటికే చిక్కడపల్లిలో ఇతరుల పుస్తకాలకు ప్రూఫులు దిద్దుతూ పదిహేనేళ్ళు గడిపాను. డీటీపీ వారు, ప్రెస్సు వారు, బైండింగు వారు అందరూ తెలిసినవారే. తీరా 500 ప్రతులు ఆటోట్రాలీలో ఇంటికి చేరి, హాల్లో గోడ వెంబడి కట్టలు కట్టలుగా పేరుకున్న సాయంత్రం, వీటిని ఎవరికి, ఏ ధరకు, ఏ షరతుల మీద ఇవ్వాలో నాకు తెలియదని బోధపడింది. పుస్తకం తయారయ్యే దారి తెలుసు గాని, అది అమ్ముడై డబ్బు వెనక్కి వచ్చే దారి తెలియదు. హైదరాబాదులో వంటల పుస్తకం సొంతంగా వేసుకోదలచినవారు ఆ రెండో దారిని ముందుగానే చూసుకోవాలన్న ఉద్దేశంతో ఇది రాస్తున్నాను.

ప్రచురణకర్త చేసే పని అచ్చువేయించడమే అనుకుంటాం. అచ్చు ప్రెస్సువాడు వేస్తాడు, పేజీలు డీటీపీవారు పేరుస్తారు, తప్పులు ప్రూఫ్ రీడరు దిద్దుతాడు. వీరందరికీ పని పూర్తికాగానే డబ్బు అందుతుంది. పుస్తకాలు అమ్ముడయ్యేదాకా డబ్బు ఇరుక్కుపోయి ఉండేది ఒక్క ప్రచురణకర్తకే. సొంతంగా పుస్తకం వేయడమంటే ఆ ఇరుకులోకి మనం దిగడమే కనుక, ఎవరితో ఏ మాట మాట్లాడుతున్నా, ఈ దశలో ఎవరి సొమ్ము ఆగిపోతుంది, ఎంతకాలం ఆగుతుంది అనే ప్రశ్నను మనసులో పెట్టుకోవాలి.

ప్రచురణ సంస్థలు ఎన్ని రకాలు

తెలుగు ప్రచురణ చాలాకాలంగా విజయవాడ, హైదరాబాదుల మధ్య నడుస్తోంది. ఈ రెండు ఊళ్ళలోనూ ప్రచురణ సంస్థ అన్న ఒక్క పేరు కింద మూడు వేర్వేరు వ్యాపారాలు కనిపిస్తాయి. మొదటిది అసలైన ప్రచురణ: రాతప్రతిని ఎంచుకుని, తమ సొమ్ముతో అచ్చువేసి, రచయితకు అమ్మకం మీద రాయల్టీ ఇచ్చేవారు. రాయల్టీ పుస్తకం వెల మీద 10 శాతం ప్రాంతంలో ఉంటుంది. రెండోది, ఖర్చు రచయితది, పేరు, పంపిణీ సంస్థవి అయిన పద్ధతి. తెలుగులో కవిత్వం, కథలు చాలావరకు ఇలాగే వెలువడుతున్నాయి, ఇందులో సిగ్గుపడవలసిందేమీ లేదు. ఒప్పందం కాగితం మీద ఉంటే చాలు. మూడోది ప్యాకేజీల వ్యాపారం. ఇంత కడితే ఐఎస్‌బీఎన్ (పుస్తకాన్ని గుర్తించే అంతర్జాతీయ సంఖ్య), ముఖచిత్రం, ఆన్‌లైన్ అమ్మకం, ప్రచారం అన్నీ మేమే చూసుకుంటామని చెప్పే ఈ సంస్థలకు ఆదాయం పాఠకుడి దగ్గర నుంచి గాక రచయిత దగ్గర నుంచి వస్తుంది. అటువంటి సంస్థకు మీ పుస్తకం అమ్ముడైనా, కాకపోయినా నష్టం ఉండదు. కొన్ని సంస్థలు చెప్పిన పని చెప్పినట్టే చేస్తాయి కనుక అందరినీ ఒకే గాటన కట్టడం నా ఉద్దేశం కాదు. అయితే ప్యాకేజీలో ఉచితమని రాసిన ఐఎస్‌బీఎన్ మన దేశంలో ఎవరికైనా ఉచితమేనని, ముఖచిత్రం, పేజీల ఫైళ్ళు చివరకు ఎవరి ఆస్తి అవుతాయో అడగాలని, మిగిలిపోయిన ప్రతులు ఎవరి ఇంట్లో ఉంటాయో తేల్చుకోవాలని తెలిసినవారికి ఆ ప్యాకేజీ విలువ వెంటనే అర్థమవుతుంది.

సొంత ప్రచురణ అంటే పెద్ద సంస్థలు కాదన్న పుస్తకాలకు గతిలేని దారి అని కొందరి అభిప్రాయం. వంటల పుస్తకాల విషయంలో అది నిజం కాదు. తమిళనాట ఎస్. మీనాక్షి అమ్మాళ్ 1951లో తన తమిళ వంటల పుస్తకాన్ని స్వయంగా ప్రచురించుకున్నారు. అది తరాల తరబడి పెళ్ళికూతుళ్ళ సామానులో చోటు సంపాదించుకుంది.

పంపిణీ, కమీషను, బాకీ

కోఠి, కాచిగూడ, హిమాయత్‌నగర్, చిక్కడపల్లి ప్రాంతాల్లోని తెలుగు పుస్తకాల దుకాణాలకు అచ్చుకు ముందే ఒకసారి వెళ్ళండి. కొనడానికన్నా చూడడానికి వెళ్ళాలి. వంటల పుస్తకాలు ఏ అరలో ఉన్నాయి, వెన్ను మీద పేరు దూరం నుంచి కనిపిస్తోందా, వెల ఏ అంకెల మధ్య ఉంది, ఏ పుస్తకం చివరి ముద్రణ ఏ ఏడాది, ఎన్ని ప్రతులు అన్నది గమనించండి. తెలుగు పుస్తకాల్లో ముద్రణ వివరాల పేజీలో ప్రతుల సంఖ్య వేసే మంచి అలవాటు ఇంకా పూర్తిగా పోలేదు కనుక, మొదటి ముద్రణ 500 అని, నాలుగో ముద్రణ 1000 అని చూసినప్పుడు, ఆ పుస్తకం ఎంత మెల్లగా, ఎంత నిలకడగా అమ్ముడవుతోందో ఊహించవచ్చు. ఆదివారం ఆబిడ్స్ పేవ్‌మెంట్ల మీద కూడా ఒక గంట తిరగండి; పసుపు మరకలతో, అట్ట ఊడిపోయి, దారంతో కట్టి ఉన్న పాత వంటల పుస్తకాలు ఏ బైండింగు నిలుస్తుందో, ఏది నిలవదో ప్రెస్సువాడికన్నా నిజాయితీగా చెబుతాయి.

దుకాణంవారు మీ పుస్తకాన్ని డబ్బిచ్చి కొంటారని ఆశించకూడదు. అమ్మినాక లెక్క అన్న పద్ధతి మీద పది ప్రతులో, ఇరవై ప్రతులో తీసుకుంటారు. కమీషను బేరం 35, 40 శాతం దగ్గర మొదలవుతుంది. మొత్తం పంపిణీ ఒక్కరికే అప్పగిస్తే ఇంకా పైకి వెళుతుంది, ఎందుకంటే ఆ పంపిణీదారు తన వాటాలోంచే జిల్లాల్లోని దుకాణాలకు కమీషను ఇచ్చుకోవాలి. అమ్ముడుపోని ప్రతులు అంచులు నలిగి, అట్ట మీద ధర స్టిక్కరు మరకతో వెనక్కి వస్తాయి, వాటిని మళ్ళీ కొత్తవిగా అమ్మలేము. అందుచేత పుస్తకాలు అప్పగించేటప్పుడు తేదీ, ప్రతుల సంఖ్య, కమీషను శాతం, లెక్క చూసే గడువు రాసిన డెలివరీ చలాను రెండు ప్రతులు తీసి, ఒకదాని మీద సంతకం, రబ్బరు ముద్ర వేయించుకుని దాచుకోవాలి. నేను మొదట్లో మొహమాటపడి చలాను అడగలేదు. ఒక దుకాణంలో ఇచ్చిన పాతిక ప్రతుల సంగతి, అక్కడి గుమాస్తా మారిపోయాక, నాకు తప్ప ఎవరికీ గుర్తులేకుండా పోయింది.

ఇక లెక్క. అంకెలు మీ కొటేషన్లను బట్టి మారతాయి కాని లెక్క వేసే పద్ధతి మారదు. 160 పేజీల పుస్తకం, 500 ప్రతులు, వెల రూ. 300 అనుకుందాం. కాగితం, అచ్చు, బైండింగు కలిపి ప్రతికి రూ. 110 చొప్పున రూ. 55,000, డీటీపీ, ప్రూఫులు, ఫోటోలు, ముఖచిత్రం కలిపి రూ. 25,000; మొత్తం పెట్టుబడి రూ. 80,000 అయిందనుకుందాం. 40 శాతం కమీషను పోగా ఒక ప్రతికి చేతికి వచ్చేది రూ. 180. అంటే దుకాణాల ద్వారా 445 ప్రతులు అమ్ముడైతే గాని పెట్టుబడి తిరిగిరాదు. లైబ్రరీలకు, సమీక్షలకు, బంధువులకు పోయే ఉచిత ప్రతులు 35 తీసేస్తే అమ్మకానికి మిగిలేవి 465. చివరి ప్రతి దాకా అమ్ముడైనా లాభం రూ. 3,700 మాత్రమే, అది కూడా రెండు మూడేళ్ళు ఆగి. అదే పుస్తకాన్ని పోస్టు ఖర్చు కొన్నవారే భరించే పద్ధతిలో నేరుగా అమ్మితే 267 ప్రతులకే పెట్టుబడి వచ్చేస్తుంది. కనుక వెల నిర్ణయించేటప్పుడు అచ్చు ఖర్చుకు కనీసం నాలుగు రెట్లు ఉండాలని వ్యాపారంలో ఉన్నవారు అనడం పేరాశ వల్ల కాదు. పై ఉదాహరణలో నాలుగు రెట్లంటే రూ. 440, ఆ వెలకు మన పాఠకుడు వెనకాడతాడనిపిస్తే వెల తగ్గించడానికి బదులు పేజీలు, రంగులు, కాగితం తగ్గించి అచ్చు ఖర్చునే కిందికి దించాలి.

వంటల పుస్తకానికి ఇతర పుస్తకాలకు లేని ఒక సౌకర్యం ఉంది: అది పుస్తకాల దుకాణం బయట కూడా అమ్ముడవుతుంది. పచ్చళ్ళు, పొడులు అమ్మే దుకాణం, మిల్లెట్ల అంగడి, స్టీలు సామాను కొట్టు, కాలనీలో వంట నేర్పే ఇల్లు, ఇవన్నీ దాని చోట్లే. నోముల్లో, సీమంతాల్లో, గృహప్రవేశాల్లో ప్లాస్టిక్ డబ్బాలకు బదులు పుస్తకం పంచుదామనుకునేవారు ఒకేసారి యాభై ప్రతులు తీసుకుంటారు. వారికి 25 శాతం తగ్గించి ఇచ్చినా దుకాణం కన్నా మనకు ఎక్కువ మిగులుతుంది, పైగా డబ్బు అదే రోజు చేతికి వస్తుంది. సాధారణంగా డిసెంబరులో ఎన్టీఆర్ స్టేడియంలో జరిగే హైదరాబాద్ బుక్ ఫెయిర్‌లో ఒక్క పుస్తకం కోసం స్టాలు తీసుకుంటే అద్దె కూడా రాదు; ఇప్పటికే స్టాలు ఉన్న ప్రచురణకర్త బల్ల మీద చోటు అడగడం మేలు. 1938లో మొదలై, ఇప్పుడు నాంపల్లిలో జరుగుతున్న నుమాయిష్ (పారిశ్రామిక ప్రదర్శన) సాధారణంగా జనవరి 1న మొదలవుతుంది, పిండివంటల సంక్రాంతి కూడా ఆ నెలలోనే వస్తుంది. ఈ మూడింటినీ అందుకోవాలంటే పుస్తకం నవంబరు నెలాఖరుకు చేతిలో ఉండాలి, అంటే రాతప్రతి జూన్ నాటికి సిద్ధంగా ఉండాలి. మా పుస్తకం ఏప్రిల్‌లో వచ్చింది. ఎండల్లో సకినాల పుస్తకం ఎవరూ కొనరని వేరే చెప్పనక్కరలేదు.

అచ్చు పని మాటలు

ప్రెస్సుకు వెళ్ళేముందు నాలుగు మాటలు తెలిసి ఉంటే కొటేషను మీకు అర్థమవుతుంది. పుస్తకాల సైజుల్లో బాగా వాడుకలో ఉన్నది డెమ్మీ 1/8, అంటే సుమారు 5.5 అంగుళాల వెడల్పు, 8.5 అంగుళాల ఎత్తు. దానికన్నా పెద్దది క్రౌన్ 1/4. పేజీలను ఫారాల్లో (ఒకే షీటు మీద అచ్చయి మడతపడే పేజీల కట్టల్లో) లెక్కిస్తారు, డెమ్మీలో ఒక ఫారానికి 16 పేజీలు. కనుక 160 పేజీల పుస్తకానికి పది ఫారాలు సరిపోతాయి. అదే 164 పేజీలైతే ఆ నాలుగు పేజీల కోసం విడిగా ప్లేటు, విడిగా కాగితం, విడిగా బైండింగు పని పడతాయి. ఒక వంట తీసేయడమే చవక. ప్లేట్లు చేసి పెద్ద యంత్రం మీద వేసే ఆఫ్‌సెట్‌ అచ్చులో ప్లేట్లు, యంత్రం సర్దుబాటు ఖర్చు 100 ప్రతులకైనా, 1000 ప్రతులకైనా ఒకటే కనుక ప్రతులు పెరిగేకొద్దీ ఒక్కో ప్రతి ధర తగ్గుతుంది. ఇక్కడే అందరూ బోల్తా పడతారు. ఇంకొంత పెడితే 500 బదులు 1000 ప్రతులు వస్తాయని ప్రెస్సువాడు చెప్పేది నిజమే. కాని అమ్ముడుపోని ప్రతి ఎంత చవకగా తయారైనా నష్టమే. డిజిటల్ ముద్రణలో 50, 100 ప్రతులు వేయించుకోవచ్చు, ఒక్కో ప్రతి ఖరీదు ఎక్కువ పడుతుంది, ఇల్లు మాత్రం ఖాళీగా ఉంటుంది. కొత్తవారికి నా సలహా 100 డిజిటల్ ప్రతులతో మొదలుపెట్టి, వాటికి వచ్చిన స్పందన చూశాక ఆఫ్‌సెట్‌కు వెళ్ళమనే.

లోపలి పేజీలకు 70 లేదా 80 జీఎస్‌ఎం (చదరపు మీటరు కాగితం బరువు, గ్రాముల్లో) మాప్లిథో అనే మామూలు తెల్లకాగితం, అట్టకు 300 జీఎస్‌ఎం ఆర్ట్ కార్డు మీద లామినేషన్ చాలు. బైండింగు దగ్గర మాత్రం పొదుపు చేయవద్దు. జిగురుతో మాత్రమే అతికించే పర్ఫెక్ట్ బైండింగు పుస్తకం స్టవ్ పక్కన తెరిచి పెడితే నిలవదు, మూసుకుపోతుంది. బలవంతంగా విప్పితే పేజీలు ఊడతాయి. ఫారాలను దారంతో కుట్టి ఆపైన అట్ట వేసే సెక్షన్ కుట్టు అడగండి. నవల ఒకసారి చదివి అరలో పెట్టేది, వంటల పుస్తకం తడి చేతులతో వందసార్లు తిరగేసేది.

రంగుల ఫోటోలు వంటల పుస్తకానికి అందం, ఖర్చు కూడా. ప్రతి వంటకూ ఫోటో పెట్టి పుస్తకమంతా నాలుగు రంగుల్లో ఆర్ట్ పేపరు మీద వేస్తే వెల మన పాఠకుడికి అందదు. మధ్యేమార్గంగా 16 ఫోటో పేజీలను ఒకే ఫారంగా 130 జీఎస్‌ఎం ఆర్ట్ పేపరు మీద వేయించి పుస్తకం నడుమ కలిపి కుట్టించవచ్చు, మిగతా పేజీలు నలుపులోనే ఉంటాయి. ఫోటోలు 300 డీపీఐకి (అంగుళానికి 300 చుక్కలకు) తగ్గకుండా, అచ్చుకు వాడే నాలుగు రంగుల పద్ధతి అయిన సీఎంవైకేలోకి మార్చి ఇవ్వాలి. ఫోను తెర మీద వెలుతురు తెరలోంచే వస్తుంది, కాగితానికి ఆ వెలుతురు లేదు. అందుకే తెర మీద నిగనిగలాడిన గోంగూర పచ్చడి ప్రూఫులో తారులా నల్లబడి వచ్చింది. నల్లని గిన్నెలోంచి తీసి తెల్లని పింగాణీ పళ్ళెంలో పెట్టి, కిటికీ పక్కన పగటి వెలుతురులో మళ్ళీ తీస్తే గాని అందులో ఎండుమిర్చి ముక్క కనిపించలేదు. పులుసులు, హలీమ్, నల్లకారం వంటి ముదురు రంగు వంటలున్నప్పుడు మొత్తం అచ్చుకు వెళ్ళకముందే, అదే కాగితం మీద ఒక రంగు ప్రూఫు తీయించి చూడాలి. దానికయ్యే ఖర్చు గురించి బేరమాడవద్దు.

రాతప్రతి, కొలతలు, అక్షరాలు

పెద్ద సంస్థల్లో వంటల పుస్తకానికి ఒక సంపాదకుడు, వంటలు చేసి చూసే మనుషులు ఉంటారు. సొంత ప్రచురణలో వారి స్థానంలో మీ బంధువులను పెట్టుకోవాలి; అయితే వంట బాగా వచ్చినవారికి కాకుండా కొత్తగా వండుతున్నవారికి ఇవ్వాలి. చెయ్యి తిరిగినవారు మీరు రాయని విషయాన్ని తెలియకుండానే పూరించుకుంటారు. మా పెద్దత్తగారి నోటుబుక్కులో గిద్ద, సోల, తవ్వ, శేరు ఉన్నాయి, తగినంత అన్న మాట పేజీకి ఆరుసార్లు ఉంది. గిద్ద నాలుగైతే సోల, సోల రెండైతే తవ్వ అన్న వరస తెలిసినా, ఏ ఊరి శేరు ఏ ఊరికీ సమానం కాదు. అందుచేత ఆమె వాడిన ఇత్తడి సోలను బియ్యంతో కొలిచి, గ్రాముల్లోకి మార్చి, పుస్తకం మొదట్లో ఒక పేజీ పట్టిక వేశాము. ఇంగ్లీషులో చదివి తెలుగులో వండే పిల్లలకు ఆ పేజీయే ఎక్కువ ఉపయోగపడిందని తరవాత తెలిసింది.

పదాల సంగతి కూడా ముందే తేల్చుకోవాలి. ఉల్లిగడ్డా ఉల్లిపాయా, పుంటికూరా గోంగూరా, ఆలుగడ్డా బంగాళాదుంపా, పల్లీలా వేరుశనగా? నా అభిప్రాయంలో వంట ఏ ప్రాంతానిదైతే ఆ ప్రాంతపు మాటే లోపల ఉండాలి, రెండో మాట చివరి అకారాది సూచికలో ఉండాలి. సూచిక లేని వంటల పుస్తకంలో వెతికే పనే ఎక్కువ. సూచిక మాత్రం పేజీల పేర్పు పూర్తయ్యాకే చేయాలి; ముందే చేసి పేజీ అంకెలన్నీ మార్చుకున్న అనుభవం నాకుంది.

తెలుగు డీటీపీలో ‘అను’ వంటి పాత పద్ధతి ఫాంట్లు ఇంకా విరివిగా వాడుకలో ఉన్నాయి. మీరు ఫోనులోనో, కంప్యూటరులోనో యూనికోడ్‌లో (అన్ని ఫోన్లు, కంప్యూటర్లు చదవగల అక్షర పద్ధతిలో) టైపు చేసి ఇచ్చినదాన్ని డీటీపీవారు ఆ ఫాంట్లలోకి మారుస్తారు, ఆ మార్పులో కొన్ని గుర్తులు జారిపోతాయి. మా పుస్తకంలో ఏడు చోట్ల ½ గుర్తు మాయమైంది. పచ్చిపులుసులో ½ చెంచా ఇంగువ అని ఉండవలసిన చోట చెంచా ఇంగువ అని మిగిలింది. వాక్యం తెలుగులో నిక్షేపంగా ఉంది, తప్పు ఎక్కడా కనిపించదు, పదిహేనేళ్ళు ప్రూఫులు దిద్దిన నా కన్ను దాని మీదుగా మూడుసార్లు జారిపోయింది. పుస్తకం వచ్చిన వారానికి కరీంనగర్ నుంచి మా ఆడపడుచు ఫోను చేసి, “వదినా, ఇది పచ్చిపులుసా, ఇంగువ కషాయమా?” అంది. సవరణ చీటీలు అచ్చువేయించి, మైదాపిండి జిగురు ఉడికించి, చేతిలో ఉన్న ప్రతులన్నిటిలోనూ ఇంటిల్లిపాదీ కూర్చుని అతికించాము. అప్పటినుంచి భిన్నాలను అంకెలుగా రాయనివ్వను; అర చెంచా, పావు కప్పు, ముప్పావు శేరు అని అక్షరాల్లోనే రాయాలి. ప్రూఫులో కొలతలను విడిగా ఒకసారి, ఒకరు అసలు ప్రతిలోంచి పైకి చదువుతుంటే ఇంకొకరు అచ్చుప్రతిలో చూసుకునేలా దిద్దాలి.

వీలైతే డీటీపీవారిని యూనికోడ్ ఫాంట్లలోనే పేర్చమని అడగండి. రామభద్ర, మల్లన్న, మండలి, ఎన్‌టీఆర్ వంటి ఫాంట్లు ఉచితంగా దొరుకుతున్నాయి, పేజీలు పేర్చే ఇన్‌డిజైన్ సాఫ్ట్‌వేరులో వరల్డ్-రెడీ కంపోజర్ అనే అమరిక ఎంచుకుంటే ఒత్తులు సరిగా కూర్చుంటాయి. యూనికోడ్‌లో ఉన్న పుస్తకం రేపు ఈ-బుక్ కావడానికి మళ్ళీ టైపు చేయనక్కరలేదు. ఈ-బుక్ మీద ఎక్కువ ఆశ పెట్టుకునేవారు ఏ వేదిక తెలుగును తీసుకుంటుందో ముందే చూసుకోవాలి. అమెజాన్ 2016లో కిండిల్ ఈ-బుక్కుల సొంత ప్రచురణకు హిందీ, తమిళం, మలయాళం, మరాఠీ, గుజరాతీ భాషలను చేర్చినప్పుడు తెలుగు ఆ జాబితాలో లేదు.

కాగితాలు, హక్కులు

ఐఎస్‌బీఎన్ సంఖ్యను మన దేశంలో కేంద్ర విద్యాశాఖ కింద ఉన్న రాజా రామమోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ ఆన్‌లైన్‌లో ఉచితంగా ఇస్తుంది, రచయితలు స్వయంగా దరఖాస్తు చేసుకోవచ్చు. ఇది 13 అంకెల సంఖ్య, పేపర్‌బ్యాక్‌కు, గట్టి అట్టకు, ఈ-బుక్‌కు వేర్వేరుగా ఉండాలి. వెనక అట్ట మీది బార్‌కోడ్ ఆ సంఖ్యలోంచే తయారవుతుంది కనుక దానికి ఎవరికీ విడిగా డబ్బు ఇవ్వవలసిన పని లేదు. సంఖ్య వచ్చేసరికి కొన్ని వారాలు పట్టవచ్చు, ముఖచిత్రం ఆలోగా ఖరారు చేసి ప్లేట్లు తీయించవద్దు. పుస్తకం వెలువడిన 30 రోజుల్లోగా 1954 నాటి చట్టం ప్రకారం ఒక ప్రతిని కోల్‌కతాలోని నేషనల్ లైబ్రరీకి, ఒక్కొక్క ప్రతిని చెన్నై, ముంబై, ఢిల్లీలలోని నిర్దేశిత లైబ్రరీలకు మన ఖర్చుతో పంపాలి. మొత్తం నాలుగు ప్రతులు; రసీదులు దాచుకోండి. అచ్చుపుస్తకాల అమ్మకం మీద జీఎస్‌టీ లేదు. అది వినడానికి బాగుంటుంది గాని, ప్రెస్సుకు మనం కట్టిన జీఎస్‌టీని వెనక్కి రాబట్టుకోవడానికి కూడా వీలుండదు. కొటేషను అడిగేటప్పుడు పన్నుతో కలిపి ఎంతో చెప్పమనాలి.

వంటకాల మీద హక్కు గురించి చాలా అపోహలున్నాయి. పదార్థాల జాబితా మీద, ఫలానా విధంగా వండాలన్న పద్ధతి మీద కాపీరైటు ఉండదు. దాన్ని మీరు చెప్పిన తీరు, మీ వాక్యాలు, మీ ముందుమాట, మీ ఫోటోలు మీవి. కనుక పత్రికలోని వంటను మీ వంటింట్లో చేసి, మీ మాటల్లో రాసుకోవచ్చు. ఆ పత్రిక వాక్యాలను ఎత్తిరాయకూడదు. కాపీరైటు రాయగానే వస్తుంది, నమోదు తప్పనిసరి కాదు, రచయిత జీవితకాలం, ఆపైన 60 ఏళ్ళు ఉంటుంది. ఇంట్లోని పెద్దల నోటుబుక్కు అచ్చువేసేవారు ఇక్కడ జాగ్రత్తపడాలి. పుస్తకం మీ చేతిలో ఉన్నంత మాత్రాన అందులోని రాత మీది కాదు, అది రాసినవారిది, వారి తరవాత వారసులది. మా పెద్దత్తగారి ముగ్గురు పిల్లల దగ్గరా ఒక పేజీ ఒప్పుదల పత్రం రాయించి సంతకాలు తీసుకున్నాము. పెద్దబావగారు నవ్వారు, అయినా సంతకం పెట్టారు. డబ్బిచ్చి ఫోటోలు తీయించుకున్నప్పుడు, వేరే ఒప్పందం లేకపోతే వాటి హక్కు తీయించుకున్నవారిదే. అయినా ఒక కాగితం రాసుకోవడం మంచిది.

సొంతంగా వేసిన పుస్తకం బాగా అమ్ముడైతే ఏదో ఒక ప్రచురణకర్త దాన్ని అడుగుతాడు. అమెరికాలో ఇర్మా రోంబావర్ అనే ఆవిడ 1931లో తన వంటల పుస్తకాన్ని సొంత డబ్బుతో 3,000 ప్రతులు వేయించి అమ్ముకుంది. 1936లో దాన్ని ఒక వాణిజ్య సంస్థ తీసుకున్నప్పుడు, ఒప్పందంలో కొత్త ముద్రణతోపాటు తన సొంత 1931 ముద్రణ కాపీరైటును కూడా రాసిచ్చేసింది, ఆ తరవాత ఆ సంస్థతో ఆమెకూ ఆమె కూతురికీ ఏళ్ళ తరబడి గొడవలు నడిచాయి. మన 1957 కాపీరైటు చట్టం ఈ విషయంలో కొంత కనికరం చూపించింది: బదలాయింపు రాతపూర్వకంగా ఉండాలి, కాలపరిమితి రాయకపోతే అది ఐదేళ్ళు అనుకోవాలి, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. అయినా సర్వహక్కులూ శాశ్వతంగా అన్న మాట ఒప్పందంలో కనిపిస్తే పెన్ను కింద పెట్టి, ఈ ముద్రణకు, ఇన్ని ప్రతులకు, ఇన్నేళ్ళకు, తెలుగులో మాత్రమే అని మార్చమనండి.

ప్రెస్సులో మొదటి ఫారం యంత్రం మీదికి ఎక్కే రోజున అక్కడే ఉండండి. పేజీ అంకెలు సరిగా ఉన్నాయా, సిరా అంతటా సమానంగా పడుతోందా అన్నది చూసి, ఒక షీటు మీద సంతకం పెట్టి ఇవ్వండి. డెలివరీ అయ్యాక ప్రతి కట్టలోంచి ఒక పుస్తకం తీసి పేజీలన్నీ తిరగేయండి; ఒక ఫారం రెండుసార్లు కుట్టి ఇంకొకటి వదిలేసిన ప్రతులు ఏ ముద్రణలోనైనా నాలుగైదు ఉండవచ్చు, డబ్బు పూర్తిగా ఇవ్వకముందే చూపిస్తే ప్రెస్సువారు మారుస్తారు. కట్టలను నేల మీద పెట్టకుండా చెక్కబల్ల మీద, గోడకు జానెడు ఎడంగా పేర్చండి, వానాకాలంలో మన ఇళ్ళ గోడలు చెమ్మ పీలుస్తాయి. డీటీపీవారి దగ్గర పీడీఎఫ్ ఒక్కటే కాక తెరిచి మార్చుకోగల అసలు ఫైలు, ఫాంట్లు, ఫోటోలతో సహా తీసుకునే షరతును పని అప్పగించే రోజునే రాసుకోండి, ఎందుకంటే రెండో ముద్రణ నాటికి ఆ సెంటరు అక్కడ ఉండకపోవచ్చు. ఒక ప్రతిని దిద్దుబాటు ప్రతిగా విడిగా పెట్టుకుని, ఎవరు ఏ తప్పు చెప్పినా అందులో పెన్సిలుతో గుర్తు పెట్టండి. మా దిద్దుబాటు ప్రతిలో ఇప్పటికి 41 గుర్తులున్నాయి, వాటిలో ఎక్కువభాగం ఉప్పు గురించినవే.